ఎత్కపోయినోడు ఒక్కడు.. తలుపు మూసినోళ్లెందరు?

ఆడపిల్లను ఎత్కపోయిన కథ అనంగనే మనకు సినిమా యాదికొస్తది. విలన్ ఎత్కపోతడు, హీరో కొట్లాడి తోల్కొస్తడు, శుభం కార్డు పడ్తది. నేను చదివిన మంచి నవలలు గా శుభం కార్డు కాడ ఆగవు. పిల్ల తిరిగొచ్చింది సరే, ఇంట్లోళ్లు తలుపు తీసిండ్రా? అసలు కథ గక్కడ మొదలైతది.

అమృతా ప్రీతమ్ పంజాబీల రాసిన 'పింజర్' గసొంటిదే. 1950ల అచ్చయింది. పింజర్ అంటే అస్థిపంజరం. పూరో అనే పిల్లకు రామ్‌చంద్‌తోని లగ్గం ఖాయమైతది. లగ్గానికి ముందే రషీద్ ఆమెను ఎత్కపోతడు. రెండు ఇండ్ల నడుమ అప్పుల కాడ మొదలైన పాత పగ ఉంటది. ఒకప్పుడు పూరో ఇంటోళ్లు రషీద్ ఇంటి ఆడబిడ్డను ఎత్కపోయిండ్రు. గిప్పుడు బదులు తీర్చుకునుడు. పగ మగోళ్లది, బతుకు ఆగమయ్యేది ఆడపిల్లలది.

పూరో ఒక రాత్రి తప్పించుకొని పుట్టింటికి ఉరికొస్తది. అవ్వ ఏడుస్తది, నాయిన ఏడుస్తడు. గానీ లోపటికి మాత్రం రానియ్యరు. నిన్ను ఎవరు చేసుకుంటరు, వాళ్లొచ్చి మమ్ముల సంపితే ఎట్ల అని వాళ్ల భయం. గా నాయిన రాక్షసుడేం కాదు. మన ఊర్ల కనవడే మామూలు నాయిన. బిడ్డ మీద పావురం ఉంది, గానీ నలుగురి నోటికి భయపడ్డడు. చేసేది లేక పూరో మల్ల రషీద్ కాడికే పోతది. వాళ్లు పెండ్లి చేసి, పేరు మార్చి, హమీదా అని చేతి మీద పచ్చబొట్టు పొడిపిస్తరు.

కొన్నేండ్లకు 1947 దేశ విభజన వస్తది. పూరో తోడబుట్టినోని భార్య లాజోను ఎత్కపోతరు. రషీద్ సాయంతోనే పూరో ఆమెను విడిపించి తోడబుట్టినోనికి అప్పజెప్తది. గీసారి ఇంటోళ్లు కోడలిని తీసుకుంటరు. నాకు గిక్కడే గుండె కలుక్కుమన్నది. గదే ఇల్లు, గదే ఇజ్జత్. లాజోకు తెరిచిన తలుపు పూరోకు ఎందుకు తెరవలే? ఒక్క ఇంట్ల జరిగితే పరువు పోయిందన్నరు. వేల ఇండ్లల్ల జరిగినంక ఒప్పుకున్నరు. అంటే గా కట్టుబాటు దేవుడు రాసింది కాదు, మనుషులు పెట్టుకున్నదే. మనుషులే మార్చొచ్చు. నువ్వు సుత రా అని తోడబుట్టినోడు పిలిస్తే పూరో మాత్రం పోదు.

గిదంత ఉత్త కల్పన కాదు. విభజనప్పుడు రెండు దిక్కుల వేలమంది ఆడోళ్లను ఎత్కపోయిండ్రు. వాళ్లను వెతికి తెచ్చేటందుకు మన సర్కారు 1949ల చట్టమే చేసింది. తిరిగొచ్చిన బిడ్డలను ఇండ్లల్లకు రానియ్యాలని గాంధీ, నెహ్రూ సుత చెప్పవలసొచ్చింది. గా చట్టంల ఇంకో లోపం ఉండె. నీకు పోవాలని ఉందా, ఉండాలని ఉందా అని ఆడమనిషిని అడగలే. ఇంటోళ్లు అడగలే, సర్కారూ అడగలే.

బెంగాలీల జ్యోతిర్మయీ దేవి రాసిన 'ఏపార్ గంగా ఓపార్ గంగా' ఇంకో అడుగు ముందుకు పోతది. నౌఖాలీ అల్లర్లల్ల సుతారా అనే పిల్ల ఇంటోళ్లను పోగొట్టుకుంటది. పక్కింటి ముస్లిం కుటుంబం కాపాడుతది. తర్వాత కలకత్తాల అన్న అత్తగారింటికి చేరితే, గక్కడ ఆమెను అంటరానిదాని లెక్క చూస్తరు. సుతారా మీద ఏం జరిగిందో రచయిత్రి వివరంగ చెప్పదు. చెప్పకున్నా సుట్టాలు తీర్పు ఇచ్చేస్తరు. చివరికి హాస్టల్ల చదివి, ఢిల్లీల చరిత్ర పాఠాలు చెప్పే టీచరమ్మ అయితది.

మన తెలుగుల ఓల్గా 'విముక్త' కథలల్ల సీత, అహల్య, రేణుక కూడా గిసొంటి ప్రశ్నలే అడుగుతరు. గా పుస్తకానికి 2015ల సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

తమ్మీ, చెల్లె, గిది పాత ముచ్చట అనుకోకుండ్రి. ఇయ్యాల ఊర్ల పిల్ల కనవడకపోతే ఫొటో వాట్సాప్ స్టేటస్‌ల తిరుగుతది. దొరికినంక ఫొటో తీసేసేటోళ్లు ఎందరు? "ఏమైందట?" అని గుచ్చి గుచ్చి అడిగేటోళ్లే ఎక్కువ. లైంగిక దాడి కేసుల్ల బాధితురాలి పేరు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేండ్ల దాక జైలు పడొచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, గా పిల్ల రేపు గదే బడికి, గదే బస్సుకు రావాలె కదా.

ఎత్కపోయినోన్ని పట్టుకునేది పోలీసులు. తిరిగొచ్చిన పిల్లను మామూలుగ బతకనిచ్చేది మాత్రం మనమే. ఆమెను ఏం అడగొద్దు. "తిన్నవా బిడ్డా?" అని అడిగితే సాలు.