కంటిలో నారుమడి

తాంబూలం మన ఇళ్ళలో మర్యాద. ఆ మర్యాదే మా అక్కయ్య కొడుకు కన్ను పొడిచింది. ఆరేళ్ళవాడు, సున్నం పొట్లం నొక్కి ఆడుకొంటూంటే అది చిట్లి కంట్లో పడింది. ఇంట్లోవాళ్ళం కంగారులో కొబ్బరినూనె రాశామేగాని, కడగలేదు. కొన్నాళ్ళకు నల్లగుడ్డును తెల్లని పొర కప్పేసింది. ఎవరో పుణ్యాత్ముల కార్నియా వేయించాం. ఏడాదికే అదీ మసకబారింది.

ఎందుకో తరువాత తెలిసింది. కార్నియా అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర. దాని పైకణాలు నిత్యం రాలుతూ, కొత్తవి వస్తూంటాయి. వాటి పుట్టిల్లు నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచు. అక్కడి మూలకణాలే నారుమడి. సున్నం ఆ మడినే కాల్చివేస్తే, ఎవరి కార్నియా తెచ్చి అతికినా పైరు నిలవదు గదా!

ఈ మడిని తిరిగి వేయవచ్చునని 1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు పెల్లెగ్రినీ, డె లూకా ప్రభృతులు చూపారు. మంచి కంటి అంచునుంచి తీసిన కణాలను ప్రయోగశాలలో పెంచి, చెడిన కంటికి అతికారు. ఫలితం గొప్పదే, ఖర్చూ గొప్పదే. హైదరాబాదులో, సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ పేర వెలసిన నేత్ర వైద్యసంస్థలో, డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ఒక సులువు ప్రకటించింది. మంచి కంటి అంచునుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఎనిమిది పది తునకలు చేసి, చెడిన కంటిమీద పరచిన పలుచని పొరపై నాటుతారు. ఆ పొర ఏమిటనుకొన్నారు? పురిటి తరువాత పారవేసే మాయలోనిది! పెంపకం ప్రయోగశాలలో కాదు, కంటిలోనే. 2016లో వెలువడిన లెక్కలో 125 కళ్ళలో 95 కుదుటపడ్డాయి.

ఇదంతా చెబితే అక్కయ్య ఒక్కటే అడిగింది: "ఉన్న కంట్లోంచి ముక్క తీస్తారట్రా! అదీ పోతే?"

ఇరవైయేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి, జవాబు తోచలేదు. మిగిలిన ముప్ఫై కళ్ళూ నన్నే చూస్తున్నట్లనిపించింది. డాక్టరుగారినే అడిగాం. "కంటి అంచు గడియారమనుకోండమ్మా. అందులో ఒక్క గంటపాటి చోటు తీస్తాం. పదకొండు గంటలు మిగులుతాయి. ప్రమాదం బహు తక్కువ, లేదని మాత్రం అనను" అన్నారాయన. ఆ చివరి మాట విన్నాకే అక్కయ్య సరేనంది.

ఇప్పుడు మేనల్లుడు ఆ కంటితో గోడమీది క్యాలెండరు అంకెలు చదువుతున్నాడు. చిన్న అక్షరాలు రావు. మాకదే పదివేలు.

పాఠకులకు ఒక్క మనవి. సున్నం కంట్లో పడితే వెంటనే రెప్ప ఎత్తిపట్టి, మంచినీళ్ళతో కనీసం పావుగంట కడగండి. ఆ పైనే డాక్టరు దగ్గరకు పరుగు. ఆనాడు మా ఇంట్లో బిందెనిండా నీళ్ళున్నాయి.