కార్డు ఏ ఊరిది?

2016 ఆగస్టు 11న ప్రసూతి ప్రయోజనాల సవరణ బిల్లును రాజ్యసభ ఆమోదించిన వేళ నేను పత్రికల గ్యాలరీలో ఉన్నాను. వేతనంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. మరుసటి మార్చిలో లోక్‌సభ కూడా ఆమోదముద్ర వేసింది. హర్షించదగిన శాసనమే. కాని అది ఎందరు తల్లులకు అందుతుందన్న సందేహం ఆ వారంలోనే నాకు కలిగింది.

నగరం అంచున కడుతున్న ఒక భవనం వద్ద బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన యువతి ఇటుకలు మోస్తున్నది. ఏడో నెల. సెలవు మాట ఎత్తితే నవ్వింది. పని మానిన నాడు ఆమెకు కూలి లేదు. ఆసుపత్రికి వెళ్లావా అని అడిగాను.

"వెళ్లాను బాబూజీ. కార్డు ఏ ఊరిదని అడిగారు. తిరిగి వచ్చేశాను."

కార్డు ఊళ్లో అత్తగారి పెట్టెలో ఉన్నది. కాన్పు మాత్రం ఢిల్లీలో జరగవలసి ఉన్నది.

ఈ ప్రశ్నకు న్యాయస్థానం అప్పటికే సమాధానం చెప్పింది. 2009లో జంగ్‌పురాలో నిలువనీడ లేని ఒక స్త్రీ చెట్టు కింద ప్రసవించింది. 2010 జనవరిలో మరొక పేదరాలు బిడ్డను కని కన్నుమూసింది. ఈ రెండు వ్యవహారాలను కలిపి విచారించిన ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఎస్. మురళీధర్ 2010 జూన్ 4న తీర్పు వెలువరించారు. ప్రసూతి వైద్యం జీవించే హక్కులో భాగమనీ, ఒక రాష్ట్రంలో పేదగా గుర్తింపు పొందిన స్త్రీ మరొక రాష్ట్రానికి వచ్చినంత మాత్రాన ఆ సేవలకు దూరం కారాదనీ దాని సారాంశం. ఆరేళ్ల తరువాత కూడా ఆ తీర్పు నేను చూసిన యువతి వెళ్లిన ఆసుపత్రి గుమ్మం దాటలేదు.

చట్టాలకు కొరత లేదు. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి కనీసం 6,000 రూపాయలు ఇస్తానన్నది. 2017లో వచ్చిన పథకం దానిని మొదటి కాన్పుకు 5,000 రూపాయలుగా కుదించింది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1996లోనే చట్టం వచ్చింది. లబ్ధిదారుగా నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్లు రుజువు కావాలి. మేస్త్రీ మారితే రుజువు ఇచ్చేదెవరు? 2025 నవంబరులో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చి పాత చట్టాలను తనలో కలుపుకున్నది. గ్రంథం మారినంత మాత్రాన గుమ్మం దగ్గరి ప్రశ్న మారదు.

రక్తహీనత, రక్తపోటు నెలనెలా పరీక్షిస్తేనే ముందుగా తెలుస్తాయి. పరీక్ష తప్పితే అవి కాన్పు నాటి రాత్రి బయటపడతాయి. అప్పుడు కార్డు దొరికినా కాలం దొరకదు.

ఇది బుందేల్‌ఖండ్ గోడు మాత్రమే కాదు. పాలమూరు కూలీలు తరాల తరబడి ముంబయి బాట పట్టిన సంగతి మన పాఠకులకు కొత్త కాదు. వారి వెంట నడిచిన ఆడవారికీ పరాయి ఊరు పరాయి ఊరే.

2022 నాటికి రేషన్ కార్డును దేశమంతటా చెల్లేటట్లు చేయగలిగారు. బియ్యానికి అడ్డురాని రాష్ట్రపు ఎల్ల నిండు గర్భిణికి అడ్డు రావడమేమిటి? ఆసుపత్రి ఆమెను ముందుగా అడగవలసింది ఊరి పేరు కాదు, ఎన్నో నెల అన్నది.