పొగను మళ్ళీ పీల్చే ఇంజను

దహనం పూర్తయిన వాయువులో కొంత భాగాన్ని మరల మంటలోనికి మళ్ళించడం మన భిలాయి ఉద్యోగులకు క్రొత్త విషయం కాదు. సోవియట్ నమూనా కోక్ ఓవెన్ల గోడలలో జరిగేది అదే. అందువలన మంట తీవ్రత తగ్గి, దాని పొడవు పెరిగి, గోడ పైనుండి క్రిందివరకు సమంగా వేడెక్కుతుంది. ఇదే సూత్రం సెక్టర్ 7 క్వార్టర్ల ముందు నిలిచిన అనేక కార్లలోను పనిచేస్తున్నది. అక్కడ దానిని నడిపించే చిన్న పరికరమే ఈ.జీ.ఆర్. వాల్వు.

మనం పీల్చే గాలిలో సుమారు 78 శాతం నైట్రోజన్. సాధారణంగా అది దేనితోనూ కలియదు. కాని సిలిండరులోని అత్యధిక ఉష్ణోగ్రత వద్ద ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడులుగా మారుతుంది. ఇవి ఊపిరితిత్తులకు హానికరం. ఎండ వేడిమిలో ఇతర వాయువులతో చేరి ఓజోనును కూడ పుట్టిస్తాయి. బయటకు పోయే పొగలో కొంత భాగాన్ని లోపలి గాలితో కలిపితే ఆక్సిజన్ పాలు తగ్గుతుంది. కలిసిన వాయువు కొంత వేడిని తాను గ్రహిస్తుంది. అందువలన దహన ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఎంత పొగను ఎప్పుడు పంపవలెనో ఇంజను కంప్యూటరు నిర్ణయిస్తుంది. పూర్తి శక్తి కావలసినపుడు వాల్వు మూసుకొంటుంది.

ఈ వాల్వుకు ప్రధాన శత్రువు మసి. పొగలోని మసి, ఇంజను నూనె ఆవిరితో కలిసి జిగురుగా అంటుకొని, క్రమంగా గట్టిపడుతుంది. ఇంటినుండి ప్లాంటు గేటు వరకు, అక్కడనుండి బజారు వరకు, ఇంజను సరిగా వేడెక్కకముందే ముగిసే ప్రయాణాలు ఈ పేరుకుపోవడాన్ని పెంచుతాయి. వాల్వు తెరుచుకొని బిగుసుకుపోతే ఇంజను నిలకడగా తిరగదు, నల్లని పొగ వస్తుంది, బలం తగ్గుతుంది, ఒక్కొక్కప్పుడు ఆగిపోతుంది. మూసుకొని బిగుసుకుపోతే నడకలో పెద్ద తేడా తెలియకపోవచ్చు; హాని మాత్రం గాలికి జరుగుతుంది.

గత వేసవిలో మా వీధిలోని మిత్రులొకరు కుమార్తె వివాహానికి కారులో విజయనగరం బయలుదేరవలసి యున్నది. ధమ్తరి, కాంకేర్‌లు దాటి కేశ్‌కాల్ ఘాటు ఎక్కి, జగదల్‌పూర్, కోరాపుట్‌ల మీదుగా పోవలెను. వారి డీజిలు కారు నల్లని పొగ వదులుతూ కూడళ్ళలో ఆగిపోసాగింది. ఒక వర్క్‌షాపువారు నాలుగు ఇంజెక్టర్లూ మార్చవలెనన్నారు. పెళ్ళి ఖర్చుల నడుమ ఆ మొత్తం వారికి భారమే. "ఏమండీ, ఈ బండిని నమ్మి పిల్లలతో ఘాటు ఎక్కవచ్చునా?" అని వారు నన్ను అడిగారు.

నల్లని పొగకు ముఖ్యంగా మూడు కారణాలు చూడవలెను: గాలి గొట్టంలో చీలిక, ఇంజెక్టర్ల లోపం, ఈ.జీ.ఆర్. వాల్వు. గొట్టాలు బాగానే ఉన్నవి. స్కానరు తగిలించగా పీ 0402 అనే సంకేతం కనిపించింది. పొగ అవసరానికి మించి లోపలికి పోతున్నదని దాని అర్థం. పీ 0401 అయితే ప్రవాహం చాలలేదని అర్థం. అయితే సంకేతం రోగిని చూపుతుంది గాని రోగకారణాన్ని చెప్పదు. ఇంజను వేడెక్కిన తరువాత, స్కానరు ద్వారా వాల్వును మూయమని ఆజ్ఞ ఇచ్చాము. వాల్వు మూసుకొంటే లోపలికి వచ్చే తాజా గాలి కొలత పెరగవలెను. అది కదలలేదు. నాలుగు సిలిండర్ల ఇంజెక్టర్ల సవరణ అంకెలు మాత్రం దాదాపు సమానంగా ఉన్నవి. దోషం ఎక్కడున్నదో అప్పుడు తేటతెల్లమైంది.

ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, వాల్వును విప్పగా, చిక్కుడు గింజంత మసిపెళ్ళ దాని పీటపై ఇరుక్కొని ఉన్నది. మసిని కరిగించే ద్రవంతో, మెత్తని బ్రష్షుతో శుభ్రం చేశాము. విద్యుత్ మోటారు భాగాన్ని ద్రవంలో ముంచరాదు. పీటను ఇనుప పనిముట్లతో గీకరాదు. క్రొత్త గ్యాస్కెట్ వేసి బిగించి, సంకేతాన్ని చెరిపి, వాల్వు మూత స్థానాన్ని కంప్యూటరుకు తిరిగి నేర్పించాము. ఈసారి ఆజ్ఞ ఇవ్వగానే గాలి కొలత పెరిగింది. ఇంజెక్టర్లు మార్చనవసరం లేకపోయింది. ఘాటు ప్రయాణం నిర్విఘ్నంగా సాగింది.

కొందరు మెకానిక్కులు రేకుముక్కతో ఈ మార్గాన్ని శాశ్వతంగా మూసివేయమని సలహా ఇస్తారు. మసి తగ్గుతుందన్నది నిజమే. డీజిలు వాహనాల సాధారణ కాలుష్య పరీక్ష పొగ నలుపునే కొలుస్తుంది గనుక, నైట్రోజన్ ఆక్సైడులు అందులో పట్టుబడవు. ధ్రువపత్రం చేతికి వస్తుంది, విషం వీధిలోని పిల్లల ఊపిరిలోనికి పోతుంది. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్ 6 వాహనాలలో కంప్యూటరు కూడ ఈ లోపాన్ని పసిగట్టి హెచ్చరిక దీపం వెలిగిస్తుంది.

మరొక్క జాగ్రత్త. పొగను చల్లార్చే కూలరు నుండి కూలెంటు కారితే అశ్రద్ధ చేయరాదు. 2018లో దక్షిణ కొరియాలో బి.ఎం.డబ్ల్యూ. డీజిలు కార్లు ఈ లోపం వలననే మంటలకు గురికాగా, వేలాది కార్లను వెనుకకు పిలిపించవలసి వచ్చింది. కారణం లేకుండా కూలెంటు తగ్గుతున్నదంటే, పరీక్షించనిదే దూరప్రయాణం చేయవద్దు. మూసిన గ్యారేజీలో ఇంజనును నడిపి పరీక్షించవద్దు. భాగాలు మార్చవలెనని ఎవరైన చెప్పినపుడు, ఏ కొలతను బట్టి అలా నిర్ణయించారని తప్పక అడగండి. ప్లాంటులో ప్రతి యంత్రం విషయంలోను మనం అడిగే ప్రశ్నే అది.