యాభై శాతం సరే, దేనిలో?

బదిలీపై సూరత్ వచ్చి పర్వత్ పాటియాలో ఇల్లు తీసుకున్నాక, వీధిలో తెలుగు మాటలు వినిపించి మా ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచివచ్చింది. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇటువైపు చాలా ఉన్నాయి. మా పక్కింటావిడ ఇంట్లోనే చీరలు అమ్ముతారు. ఇంటర్ చదివే మా అమ్మాయి ఆవిడకు ఒక వెబ్ పేజీ తయారుచేసి పెట్టింది.

చీర ఫొటో మీద, దాని వెడల్పులో సగం వచ్చేలా ‘కొత్త స్టాక్’ అనే పట్టీ పెట్టాలని 50 శాతం అని రాసింది. తీరా చూస్తే పట్టీ పేజీ నెత్తికెక్కి, ఫోన్ నంబరును కప్పేసింది.

“నంబరే కనిపిస్తలేదు బిడ్డా! దసరా దగ్గరికొచ్చింది, ఎవరన్న ఫోన్ ఎట్ల చేస్తరు?” అని పక్కింటావిడ దిగులు.

నాకు కోడింగ్ రాదు. బ్యాంకు అలవాటుతో ఒక్కటే అడిగాను: “50 శాతం సరే, దేనిలో?” మొదట ఇచ్చిన అప్పుపై 10 శాతం వడ్డీ వేరు, మిగిలిన బాకీపై 10 శాతం వేరు కదా!

చిక్కు అక్కడే ఉంది. సీఎస్ఎస్‌లో శాతానికి ఆధారం ‘పొజిషన్’ను బట్టి మారుతుంది. ఫొటో ఉన్న పెట్టె లోపలి వెడల్పు 360 పిక్సెళ్లు, రెండు పక్కలా 20 చొప్పున ప్యాడింగ్ అనుకుందాం. మామూలుగా పెట్టిన పట్టీకి 50 శాతం అంటే 360లో సగం, 180. అదే ‘అబ్సల్యూట్’ అంటే, పట్టీ తన పెట్టెను వదిలి, పైన ఏ పెట్టెకు పొజిషన్ ఇచ్చారో వెతుక్కుంటుంది. ఏదీ దొరక్కపోతే తెరనే కొలతగా తీసుకుంటుంది. 1200 పిక్సెళ్ల తెరలో సగం, అంటే 600! మా పట్టీకి జరిగింది అదే.

అమ్మాయి ఫొటో పెట్టెకు ‘పొజిషన్ రిలేటివ్’ అని ఒక్క లైను చేర్చింది. పెట్టె అంగుళం కూడా కదల్లేదు. పట్టీ మాత్రం దాని లోపలికి వచ్చి కూర్చుంది. అయితే వెడల్పు 180 కాదు, 200 వచ్చింది. అబ్సల్యూట్‌కు ప్యాడింగ్ కూడా లెక్కలోకి వస్తుంది మరి: 400లో సగం.

ఎత్తుకూ ఇదే జాగ్రత్త. పెట్టెకు ఎత్తు ఇవ్వకపోతే మామూలు పట్టీకి 100 శాతం ఎత్తు పనిచేయదు. అబ్సల్యూట్ పట్టీకి పనిచేస్తుంది.

ఆ సాయంత్రమే పక్కింటావిడ తన ఫోనులో పేజీ తెరిచి, నంబరును అంకె అంకె చదివి సరిచూసుకున్నారు. మీ పిల్లలు ఇలాంటి పేజీలు చేస్తుంటే, కోడ్ రాకపోయినా ఆ ఒక్క ప్రశ్న అడగండి.