తాళమూ తాళంచెవీ ఒకే పెట్టెలో

కంప్యూటరు శాస్త్రం అభ్యసించే మన విద్యార్థులలో పలువురు ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి ఫైళ్లను చేరవేసే ప్రోగ్రాములు రాస్తుంటారు. అవతలి సర్వరులో ప్రవేశించుటకు ప్రోగ్రాముకు పాస్‌వర్డ్ కావాలి. దానిని ఎక్కడ దాచాలన్నదే ఇక్కడి సమస్య.

1971లో అభయ్ భూషణ్ అనే భారతీయ ఇంజనీరు రూపొందించిన ఎఫ్.టి.పి. పద్ధతిలో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా ప్రయాణిస్తుంది. 1995లో ఫిన్లండ్‌లో పాస్‌వర్డుల అపహరణ జరిగిన పిమ్మట టాటు యులోనెన్ ఎస్.ఎస్.హెచ్.ను సృష్టించాడు, నేటి ఎస్.ఎఫ్.టి.పి. దాని ఆధారంగానే నడుస్తుంది. ఆ విధంగా దారి భద్రమైనది. ఇక ఇంటి సంగతి మిగిలింది.

సర్వరు పాస్‌వర్డ్‌ను సరిపోల్చితే చాలు. కనుక తిరిగి రాబట్టలేని హాష్ రూపంలో దాచుకోగలదు. మన ప్రోగ్రాము అసలు పాస్‌వర్డ్‌నే సమర్పించాలి. కనుక దానిని గూఢలిపిలో దాచినా మరల విప్పక తప్పదు. విప్పే తాళంచెవిని అదే ప్రోగ్రాములో రాసిపెట్టితే, ప్రోగ్రాము చేజిక్కినవానికి రెండూ దక్కినట్లే. బేస్64 అయితే గూఢలిపి కూడా కాదు, ఉత్త వేషం.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ, టీఎస్‌కాప్ యాప్‌ల సమాచారం బయటికి పొక్కినపుడు, పాస్‌వర్డులను యాప్‌లోనే సాదా అక్షరాలలో పొందుపరచారన్న విమర్శ వినవచ్చింది.

మన గనులలో బొగ్గు పేల్చే షాట్‌ఫైరర్‌ను చూడండి. ఎక్స్‌ప్లోడర్ పిడిని యంత్రానికి తగిలించి వదలక, షిఫ్టు అంతా తన వద్దనే ఉంచుకోవాలని నిబంధన. పిడి లేని యంత్రం ఎవరి చేతబడినా పేలదు. తాళంచెవి కూడా అట్లే ప్రోగ్రాముకు వెలుపల, ఆపరేటింగ్ సిస్టమ్ కాపాడే రహస్యకోశంలోనో, యజమాని ఖాతా మాత్రమే చదవగల ఫైలులోనో ఉండాలి.

అర్ధరాత్రి మనిషి లేకుండా నడిచే ప్రోగ్రాముకు ఇదీ పూర్తి రక్షణ కాదు. ఆ ఖాతాలో చొరబడినవాడు దానినీ చదవగలడు. అందువల్ల పాస్‌వర్డ్‌కు బదులు తాళంచెవుల జంటను వాడుట మేలు: రహస్యమైనది మన వద్ద, బహిరంగమైనది సర్వరు వద్ద. ఆ ఖాతాకు ఒక్క ఫోల్డరులో ఫైళ్లు ఉంచే అధికారం మాత్రమే ఇస్తే నష్టం అంతటితో ఆగుతుంది. సర్వరు గుర్తింపును సరిచూడవలసిన వరుసను ‘ఇబ్బంది పెడుతోంది’ అని తీసివేసేవారున్నారు. వారు తమ పాస్‌వర్డ్‌ను అపరిచితునికి తామే అప్పగిస్తున్నారు.

పాస్‌వర్డ్ ఒకసారి గిట్ భాండాగారంలో చేరిందా, ఆ వరుసను చెరిపినా పాత ప్రతులలో నిలిచే ఉంటుంది. అపుడు మార్చవలసినది ముందుగా పాస్‌వర్డ్‌నే.