పాత ఫాక్స్‌ప్రో బిల్లింగు ఎక్కడ ఆగుతోంది?

ఒక్కరే బిల్లు కొడుతుంటే క్షణాల్లో వస్తుంది. రెండో కౌంటరులో అదే ప్రోగ్రాం తెరవగానే రెండూ నత్తనడకన పడతాయి. ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న బిల్లింగు, స్టాకు, లెడ్జరు ప్రోగ్రాములతో వచ్చే చిక్కు ఇది. మైక్రోసాఫ్ట్ దాని చివరి వెర్షన్‌ను 2004లో ఇచ్చి, 2015 జనవరిలో మద్దతు ఆపేసింది. ప్రోగ్రాములు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. కొత్త కంప్యూటర్లకు డబ్బు పెట్టేముందు ఆలస్యం ఎక్కడ పుడుతోందో చూడాలి.

ఈ ప్రోగ్రాములకు సర్వర్ అంటే ఫైళ్లు దాచే చోటు, అంతే. వెతకడం, కూడడం అన్నీ కౌంటరులోని కంప్యూటరే చేస్తుంది. అందుకు కావలసిన డేటా ముక్కలు ముక్కలుగా కేబుల్ మీదుగా రావాలి. లక్ష రికార్డుల్ని ఒక్కొక్కటిగా అడిగి తెచ్చుకుంటే, ఒక్కో రాకపోకకు అర మిల్లీసెకను చొప్పున 50 సెకన్లు పడుతుంది. ప్రాసెసర్ ఎంత కొత్తదైనా ఆ 50 సెకన్లు తగ్గవు.

మరి ఒక్కరే ఉన్నప్పుడు అంత వేగం ఎలా? ఫైలును ఇంకెవరూ తెరవలేదని తెలిస్తే, చదివిన ముక్కల్ని సొంత మెమరీలో ఉంచుకోవడానికి విండోస్ ఆ కంప్యూటరుకు అనుమతిస్తుంది. రెండో మనిషి తెరవగానే ఆ వెసులుబాటు పోతుంది. పోవాలి కూడా, లేకపోతే ఒక కౌంటరులో అమ్మేసిన సరుకు రెండో కౌంటరులో ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది. దీన్ని దాటడానికి, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే విండోస్ పాత పద్ధతి ఎస్‌ఎంబీ1ను మళ్లీ ఆన్ చేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది అందులోని లోపం గుండానే.

చేయాల్సింది రాకపోకల్ని తగ్గించడం. ఇండెక్స్ ఉంటే చాలదు, ప్రోగ్రాం దాన్ని నిజంగా వాడుకుంటోందా అన్నది చూడాలి. పేరును క్యాపిటల్ అక్షరాల్లోకి మార్చి ఇండెక్స్ కట్టి, వెతికేటప్పుడు మార్చకుండా అడిగితే ఫాక్స్‌ప్రో ఆ ఇండెక్సును పక్కన పెట్టేస్తుంది. ఫైలంతా కేబుల్ మీదికి వస్తుంది. ఇలాంటి ఒక్క లైను సరిచేసినా రిపోర్టు వేగంలో తేడా కళ్లకు కనిపిస్తుంది. తాత్కాలిక ఫైళ్లను ఏ కంప్యూటరువి దాని డిస్కులోనే పెట్టించండి. డిలీట్ చేసిన రికార్డులు ప్యాక్ చేసేదాకా ఫైల్లోనే ఉంటాయి. అందరూ ప్రోగ్రాం మూసేశాక, కాపీ తీసుకుని మరీ ప్యాక్ చేయండి.

సోర్స్ కోడ్ చేతిలో లేకపోతే రిమోట్ డెస్క్‌టాప్ మంచి దారి. ప్రోగ్రాం సర్వర్‌లోనే నడుస్తుంది, కౌంటరుకు వచ్చేది తెర మీది బొమ్మ మాత్రమే. ఎక్కువమంది వాడాలంటే లైసెన్సులు కొనాలి. కొత్త సాఫ్ట్‌వేర్ రాయించే ఖర్చుతో దాన్ని పోల్చి చూసుకోండి.