రాగి రంగు రత్నం

మీ పాఠశాల ప్రయోగశాలలో మైలుతుత్తం స్ఫటికాలను చూసే వుంటారు. అవి మంచి నీలిరంగులో వుంటాయి. ఇంట్లో తోమకుండా వదిలేసిన రాగి చెంబుకు పట్టే చిలుము ఆకుపచ్చగా వుంటుంది. రెండింటికీ రంగునిచ్చేది రాగే. కాని రాగి నీలమూ కాదు, పచ్చా కాదు, ఎర్రని లోహం గదా! మరి ఈ రంగులు ఎక్కడి నుంచి వచ్చాయి?

రాగి పరమాణువు రెండు ఎలక్ట్రానులను పోగొట్టుకొని అయానుగా మారినప్పుడు, తన మీద పడిన తెల్లని కాంతిలో కొంత భాగాన్ని, ముఖ్యంగా ఎరుపు వైపు భాగాన్ని, మింగేస్తుంది. మిగిలిన కాంతే మన కంటికి చేరుతుంది. ఏ మేరకు మింగుతుందన్నది దాని చుట్టూ చేరిన పరమాణువులను బట్టి వుంటుంది. మైలుతుత్తాన్ని పరీక్షనాళికలో వేడిచేసి చూడండి. నీలం పోయి తెల్లని పొడి మిగులుతుంది. రాగి ఎక్కడికీ పోలేదు. దాని పొరుగున వున్న నీటి అణువులు ఆవిరైపోయాయి, అంతే.

ఇదే రాగి ఒక రాతిలో దూరి, ప్రపంచంలోని అతి ఖరీదైన రత్నాలలో ఒకదానిని తయారుచేసింది. దాని పేరు పరైబా టూర్మలిన్. నీలానికీ ఆకుపచ్చకూ మధ్య రంగు. లోపల దీపం పెట్టినట్లు కనిపిస్తుంది గాని, చీకట్లో వెలగదు.

టూర్మలిన్ మనవాళ్ళకు మరీ కొత్త రాయి కాదు. ఆ పేరు సింహళ భాషలోని ‘తోరమల్లి’ అనే మాట నుంచి వచ్చింది. బోరాన్, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్‌లతో ఏర్పడిన ఖనిజం యిది. 18వ శతాబ్ది తొలినాళ్ళలో డచ్చి వర్తకులు సింహళం నుంచి ఈ రాళ్ళను తమ దేశానికి తీసుకుపోయారు. వేడెక్కినప్పుడు వీటి కొనలలో విద్యుదావేశం పుట్టి బూడిదను ఆకర్షిస్తుందని తెలిసి, అక్కడి జనం పొగాకు గొట్టాలలోని బూడిద తీయటానికి వీటిని వాడారట! రత్నానికి ఎంత గొప్ప ఉద్యోగం!

రాగి వున్న టూర్మలిన్‌ను మాత్రం 1980ల దాకా ఎవరూ గుర్తించలేదు. బ్రెజిల్ దేశపు తూర్పు కొసన పరైబా అనే రాష్ట్రం వుంది. అక్కడ ఎయిటోర్ డిమాస్ బర్బోసా అనే ఆయన ఒక కొండలో ఏదో విశేషమైన రాయి దొరుకుతుందని నమ్మి తవ్వించటం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి చేతి పనిముట్లతోనే తవ్వగా, ఆ దశకం చివరి సంవత్సరాలలో ఈ రంగు రాళ్ళు బయటపడ్డాయి. 1990లో శాస్త్రజ్ఞులు వాటిని విశ్లేషించి ఆ రంగుకు కారణం రాగి అని ప్రకటించారు. ఎక్కువ రాగి వున్న రాళ్ళలో కూడా రాగి ఆక్సైడు బరువు వందకు రెండు పాళ్ళ ప్రాంతమే!

ఇప్పుడు మీ ముందు కందిపప్పు బద్దంత నీలి పచ్చ రాయిని ఎవరో పెట్టి, “ఇది పరైబా. ఎంత మంచిదో చెప్పు” అన్నారనుకోండి. ఏం చేస్తారు?

ముందు మంచిదా కాదా అని చూడకండి. అసలు అది టూర్మలినేనా? వక్రీభవనం గురించి మీరు చదువుకున్నారు. టూర్మలిన్‌లో ప్రవేశించిన కాంతి కిరణం రెండుగా చీలుతుంది. కనుక దానికి వక్రీభవన గుణకాలు రెండు, సుమారు 1.62, 1.64. గాజుకు ఒకటే గుణకం, కాబట్టి గాజు ముక్క ఇక్కడే పట్టుబడుతుంది. అపటైట్ అనే రాయి అంత సులభంగా దొరకదు. దాని రంగు అచ్చం ఇలాగే వుండవచ్చు. గుణకం కూడా 1.63, 1.64 ప్రాంతమే. కాని దాని రెండు గుణకాల మధ్య తేడా చాలా స్వల్పం.

ఇంకా అనుమానం వుంటే ఆర్కిమిడీస్‌ను పిలవండి. మన రాయి గాలిలో 0.306 గ్రాములు తూగిందనుకుందాం. నీటిలో ముంచి తూస్తే 0.206 గ్రాములే వచ్చింది. తగ్గినది 0.100 గ్రాము. భాగిస్తే సాపేక్ష సాంద్రత 3.06. టూర్మలిన్‌కు వుండవలసినది అంతే. అదే బరువున్న అపటైట్ అయితే సుమారు 0.096 గ్రాము తగ్గేది. తేడా నాలుగు మిల్లీగ్రాములు! మంచి త్రాసు వుండి తీరాలి. అపటైట్ టూర్మలిన్ కంటే మెత్తనిది గదా, గీసి చూస్తే పోలేదా అంటారేమో. గీత పడ్డాక ఆ రాయి ఎవరికి కావాలి?

సరే, టూర్మలినే. అందులో రాగి వుందా? ఇనుము వల్ల కూడా టూర్మలిన్‌కు నీలిరంగు వస్తుంది. ఇక్కడ కంటిని నమ్మటానికి వీలులేదు. రాతి మీదికి ఎక్స్ కిరణాలను పంపితే, అందులోని ప్రతి మూలకమూ తనదైన ఎక్స్ కిరణాలను తిరిగి వెలువరిస్తుంది. రాగి వుంటే దాని గుర్తు అందులో కనబడుతుంది.

ఇక నాణ్యం. దీనిలో రంగుదే పెద్ద పీట. బట్టలకు నీలిమందు పెట్టే బకెట్టును గుర్తు తెచ్చుకోండి. మందు చాలకపోతే నీరు వెలవెలబోతుంది, ఎక్కువైతే నల్లబడుతుంది. అందులో కాస్త బూడిద పడితే, నీలం నీలమే గాని జీవం పోతుంది. రాయిని కూడా ఇలాగే చూడాలి. మరీ లేత కాకూడదు, మరీ ముదురు కాకూడదు, బూడిద కలిసినట్లు వుండకూడదు. తెల్ల కాగితం మీద పెట్టి పగటి వెలుగులో చూడండి. పసుపు కాంతి బల్బుల్లో నీలం పాలు తక్కువ, వాటి కింద రాయికి అన్యాయం జరుగుతుంది. కొన్ని తెల్లని దీపాల కింద దానికి లేని గొప్ప కూడా వస్తుంది.

లోపలి మచ్చల విషయంలో వర్తకులు కొంత ఉదారంగానే వుంటారు. మచ్చ లేనిది దొరకటం అంత కష్టం. కొన్ని రాళ్ళలో సూక్ష్మదర్శిని కింద అచ్చమైన రాగి రేకులే కనిపించాయి. నన్నడిగితే అది మచ్చ కాదు, జన్మపత్రిక. కాని పగుళ్ళలో నూనెగాని, జిగురుగాని నింపి దాచి వుంటే మాత్రం రాయి విలువ తగ్గుతుంది. ఆ సంగతి కొనేవాడికి చెప్పి తీరాలి.

వేడి చేయటం అలా కాదు. ఈ రాళ్ళలో రాగితో పాటు మాంగనీసు కూడా వుంటుంది. మూడు ఎలక్ట్రానులు పోగొట్టుకున్న మాంగనీసు ఊదారంగునిస్తుంది. ఆ రాయిని సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వరకు జాగ్రత్తగా కాస్తే మాంగనీసు ఒక ఎలక్ట్రానును తిరిగి పొంది ఊదా మాయమవుతుంది. రాగి నీలం మిగులుతుంది. పరైబా రాళ్ళలో చాలా భాగం ఇలా కాచినవే. కాచిన గుర్తు సాధారణంగా మిగలదు గనుక వర్తకంలో దీనిని తప్పు పట్టరు.

అసలు తగవు పేరు దగ్గర వచ్చింది. 2001లో నైజీరియాలోను, తరువాత కొన్నేళ్ళకు మొజాంబిక్‌లోను రాగి టూర్మలిన్‌లు బయటపడ్డాయి. రంగు అదే, రాగి అదే. ఆఫ్రికా రాయిని బ్రెజిల్ రాష్ట్రం పేరుతో పిలవవచ్చా? 2006లో కొన్ని పెద్ద రత్న పరీక్షాశాలల ఉమ్మడి సంఘం, ఎక్కడ దొరికినా రాగి, మాంగనీసుల వల్ల ఆ రంగు వచ్చిన టూర్మలిన్‌ను పరైబా అనవచ్చని తీర్మానించింది. బ్రెజిల్ రాళ్ళు అమ్మేవారికి ఇది రుచించలేదు. పటం తీసి బ్రెజిల్ తూర్పు కొసను ఆఫ్రికా పడమటి వంపులో పెట్టి చూడండి. పరైబా వెళ్ళి నైజీరియా దాపున చేరుతుంది. అట్లాంటిక్ సముద్రం విడదీయక ముందు ఈ నేలలు కలిసే వుండేవి.

అయినా బ్రెజిల్ రాయికి ధర ఎక్కువ. అందుచేత పుట్టిన చోటు తేల్చవలసి వస్తుంది. కంటికిగాని, త్రాసుకుగాని అది అందదు. రాతి నడుము అంచున, తల వెంట్రుక మందం వుండే చుక్కను లేజరు కిరణంతో ఆవిరి చేసి, అందులో గాలియం, సీసం వంటివి అణుమాత్రం ఎంతెంత వున్నాయో లెక్కగడతారు. ఒక్కొక్క గని రాళ్ళలో వాటి పాళ్ళు ఒక్కొక్క తీరున వుంటాయి. పరీక్ష ముగిశాక ఆ గుంటను వెతకాలంటే భూతద్దం కావలసిందే.